గాడిద కాళ్ళు

బ్రేమెన్, ఆగస్టు

ప్రియమైన గేషే అక్కా,

హాంబర్గ్‌లో నీ గది కిటికీకి ఈ వేసవిలోనైనా ఎండ తగిలిందా? ఇక్కడ నేను ఇంటిపట్టున ఉంటే ఒట్టు. గెరిట్ ఓడ ఉద్యోగం వదిలేసి తిరిగొచ్చాడు కదా, "నా ఊరే నాకు కొత్తగా ఉంది, కాస్త తిప్పి చూపించు" అన్నాడు. ష్నోర్ సందుల్లో భుజాలు రాసుకుంటూ నడిచాం. నది ఒడ్డున బీరు తాగాం. టౌన్‌హాల్ పక్కనున్న గాడిద విగ్రహం కాళ్ళు రెండు చేతులా పట్టుకుని నేను కోరిక కోరుకున్నాను. అతను ఒక్క చేత్తోనే పట్టుకున్నాడు, రెండో చేతిలో ఫోన్. "ఒంటిచేత్తో పట్టుకుంటే ఒక గాడిద ఇంకో గాడిదను పలకరించినట్టే, మర్చిపోయావా?" అని ఏడిపించాను.

నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. అతనంటే నాకు ఇష్టం. శనివారం అతనికి ముప్పై నిండుతాయి. మన ఊళ్ళో పెళ్లికాని మగవాడు ఆ రోజు పెద్ద చర్చి మెట్లు ఊడవాల్సిందే, కన్నెపిల్ల వచ్చి ముద్దు పెడితేగాని చీపురు దించకూడదు. ఆ ముద్దు నేనే పెడతాను. మీ ఇద్దరికీ ఎప్పుడో తెగిపోయిందిగా, నీకేం బాధ లేదు కదా? ఉన్నదున్నట్టు రాయి.

నీ వీబ్కే

బ్రేమెన్, ఆదివారం

ఇప్పటికీ నా అక్కవే అయిన గేషేకి,

"నాకేం బాధ, సుఖంగా ఉండండి" అని రాశావు. ఆ మాట నమ్మి నీలం గౌను వేసుకుని వెళ్ళాను. స్నేహితులు మెట్ల మీద సంచులకొద్దీ సీసా మూతలు గుమ్మరిస్తుంటే గెరిట్ ఊడుస్తున్నాడు. నన్నెవరో ముందుకు తోశారు. అతను నవ్వి, నా వెనక ట్రామ్ ఆగే చోటుకేసి చూశాడు.

"గేషే నీతో రాలేదా?"

"అక్కెందుకొస్తుంది?"

"అప్పట్లో నేనూ తనూ కూర్చున్న చోటల్లా ఫోటో తీసి తనకి పంపా వీబ్కే. అన్నిటికీ జవాబిచ్చింది. ఇవాళ వస్తుందనుకున్నా."

ఏ వీధికెళ్దామో ప్రతిసారీ చెప్పింది అతనే. అవన్నీ మీ ఇద్దరి వీధులని నాకు తట్టనేలేదు. అతన్ని గాడిదన్నాను గాని, గాడిదను నేనే.

ముద్దు పెట్టాను, చెంప మీద. అతని అరచేతులు బొబ్బలెక్కాయి, పాపం, ఇంకెంతసేపు ఊడుస్తాడు? అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి గౌను మార్చుకోకుండానే ఏడ్చాను. అతని మీద కోపం లేదు, నీ మీదే ఉంది. బాధ ఉందని ఒక్క ముక్క రాస్తే తప్పుకునేదాన్ని కదే అక్కా.

వచ్చే ఆదివారం రా. స్టేషన్‌కి అతను వస్తాడు, నేను రాను. ముందు గాడిద దగ్గరికే వెళ్ళండి. నువ్వు పక్కనే ఉంటావు, ఫోటో తీసి పంపే పని ఉండదు. ఈసారి రెండు చేతులా పట్టుకుంటాడు.

నీ చెల్లెలు,
వీబ్కే