రాజేశం ఇంట్లో బోర్బన్ సీసా

ఆదివారం, కోరుట్ల నుంచి వచ్చాక

బోర్బన్ అనే అమెరికా విస్కీ కోసం ఏడాదిగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో తిరగని వైన్ షాపు లేదు. తెప్పిస్తానన్న ఒకే ఒక్కడు మూడింతల ధర చెప్పాడు. మా మరదలి భర్త, సడ్డకుడు రాజేశం మాత్రం దుబాయ్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో మామూలు ధరకే తెచ్చుకున్నాడు.

రుచి చూద్దామని ఈరోజు కోరుట్లలో వాళ్లింటికి వెళ్లాను.

"నిన్ననే అయిపోయిందన్నా. దోస్తులు కూల్‌డ్రింక్ కలుపుకొని తాగిండ్రు. గంత స్పెషల్ ఏం లేదు," అన్నాడు.

కూల్‌డ్రింకా! సిగ్గు విడిచి, "ఖాళీ సీసానన్న ఇయ్యి తమ్మీ," అని అడిగాను.

మరదలు ఫ్రిజ్ తెరిచింది. "దాంట్ల నీళ్లు పోసి పెట్టిన బావా. తాగుతవా?"

రెండు గ్లాసులు తాగాను. సబ్బు పెట్టి ఎంత బాగా కడిగిందో, వాసన కూడా మిగల్చలేదు.