చింతపండుతో తోమిన మహారాణి

8 ఆగస్టు 2003, శుక్రవారం
అమలాపురం

వరలక్ష్మీ వ్రతం కలశం ముందు నా ఫాస్టినా తళతళలాడుతూ కనిపించింది, నుదుటిన కుంకుమతో. రోమ్ మహారాణి బొమ్మున్న ఇత్తడి నాణెం అది. పద్దెనిమిది వందల ఏళ్లుగా పట్టిన ఆకుపచ్చ పొర ఒక్క పూటలో పోయింది. పట్టుచీర తీసుకోమని అత్తయ్యగారికి బీరువా తాళాలిచ్చింది నేనే. ఆవిడ నా నాణేల పెట్టె తెరిచి, పూజసామానుతో పాటు దీన్నీ చింతపండు పెట్టి తోమేరు.

"చిలుం పట్టిన లక్ష్మీదేవిని ఎలా పెడతామే?" అన్నారు.

"లక్ష్మి కాదండీ, ఎప్పటిదో రాజుగారి భార్య."

"ఆయ్, కొప్పు చూస్తే మన ఆడపడుచులాగే ఉంది!"

నవ్వొచ్చింది కూడా. ఈలోగా మా ఆయన గుమ్మంలోంచి, "ఇన్నాళ్లకి ఓ పనికొచ్చింది. ఇక ఆ పిచ్చి మానెయ్," అన్నారు.

"మాననండీ," అన్నాను, పేరంటాళ్లందరి ముందూ. హారతి అవగానే నాణెం తీసి, కొంగుతో కుంకుమ తుడిచేశాను.

ఆ పొర మళ్లీ నా కళ్లతో చూడను. నాణేల పుస్తకంలో "పాడైంది" అని రాయబోయి ఆగి, "అమలాపురంలో వ్రతానికి తోమారు" అని రాశాను. ఫాస్టినా కథలో ఇదీ జరిగింది మరి.

బీరువాలో దాచబట్టే కదా, ఇంట్లో ఎవరికీ ఈ నాణేల మీది రాణులెవరో తెలియలేదు. రేపు పదకొండు మంది మహారాణుల్నీ పేర్లు రాసి హాల్లో షోకేసులో పెడతాను. ఆయన షటిల్ కప్పులు పై అరలోకి జరుగుతాయి. ఏమంటారో...

అననీ.