మండీలో విన్న గొంతు

హేమ వాళ్ల నాయనకు,

అక్కకు జ్వరమంట, పుంగనూరుకు పోతాండా. పొద్దుగూకేలోపల వచ్చేస్తా. సంగటి గిన్నెలో ఉండాది, పప్పు వేడి చేసుకో. నీ గొంతుకని మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసిపెట్టినా, టీ అనుకొని చక్కెర వేసేవు.

నిన్న నువ్వు మరిచిపోయిన క్యారియర్ తీసుకొని టమాటా మండీకి వస్తి. నువ్వు వేలం వేస్తాండావు. క్రేట్ల వెనకాల నిలబడి వింటి. ఎంత గొంతప్పా నీది. మండీ అంతా నీ నోటి పక్కే సూస్తాండాది. వేలం అయినాక ఒక బి.కొత్తకోట రైతు భుజం మీద చెయ్యేసి, "పొద్దున్నుంచి ఏమన్నా తింటివా అప్పా?" అని అడిగితివి. నాకు ఆడ నిలబడబుద్ధి కాలేదు. క్యారియర్ వాచ్‌మన్ చేతికిచ్చి వచ్చేస్తి.

ఇంటికొస్తే గొంతు పోయిందని సైగ చేసి పడుకుంటావు. నేను పొద్దంతా దాచుకున్న మాటలు నేనే చెప్పుకొని, నేనే ఊ కొట్టుకుంటా. మన బిడ్డ హేమ పెండ్లయి కుప్పం పోయినాక ఈ ఇంట్లో నా గొంతు ఒకటే.

తాళం చెవి పక్కింట్లో ఇచ్చి పో.

రెడ్డెమ్మ

నోరు తెరవలేకపోతే పోనీలే. ఆ రైతును అడిగిన మాటే ఈ చీటీ వెనక రాసిపెట్టు. పెన్ను ఫ్లాస్కు పక్కనే ఉండాది. వచ్చి జవాబు చెప్తా.