ఖాళీగా వచ్చిన డబ్బా

పర్యవేక్షణాధికారి గారికి,
విదేశీయుల నిర్బంధ కేంద్రం, సికింద్రాబాద్.

అయ్యా,

విషయం: మౌలాలి నివాసి జైతున్ బీ ఆచూకీ తెలుపుట, ఆమెను సరిహద్దు దాటించకుండా ఆపుట గురించి.

మల్కాజ్‌గిరిలో ఉంటున్న మహెక్ అనే నేను న్యాయవాదిని. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని. పౌర హక్కులు, వలస కేసులే చూస్తాను. నిర్బంధంలో ఉన్నవారిని తరలించే ముందు వకీలుకు తెలపాలన్న నిబంధన కోసం రెండేళ్లు కమిటీల చుట్టూ తిరిగిన వారిలో నేనూ ఒకదాన్ని. ఆ నిబంధన తమ కార్యాలయం గోడకు అంటించి ఉన్నది.

1. నా కక్షిదారు జైతున్ బీ మౌలాలి కొండ కింద గాజులు అమ్ముకుంటుంది. పుట్టింది అక్కడే, మంత్రసాని చేతిలో. జనన పత్రం లేనందున పరదేశి అన్న అనుమానంతో గత నెల తమ కేంద్రానికి తీసుకువచ్చారు. విచారణ వచ్చే సోమవారం.

2. ఆమెకు షుగర్ ఉన్నందున మా అమ్మ చేసిన జొన్నరొట్టె రోజూ గేటు దగ్గర ఇస్తున్నాను. మరునాడు డబ్బా తిరిగి వస్తుంది. అందులో ఏదో ఒకటి ఉంటుంది: చాయ్‌తో ఇచ్చిన బిస్కెట్ సగం, ఒకసారి నాలుగు ఉప్పురాళ్లు. ములాఖత్‌లో అడిగితే, "ఎవరింటి డబ్బానైనా ఖాళీగ ఎట్ల పంపుత బిడ్డా?" అని నవ్వింది.

3. నిన్నా ఈరోజూ డబ్బా శుభ్రంగా తోమి ఉంది, కాని ఖాళీగా వచ్చింది. జైతున్ బీ లోపల లేదని నా నమ్మకం. గేటు దగ్గర అడిగితే కాపలాదారు, "తిన్నది, తోమిచ్చింది. డబ్బా మీద సుత కేసేస్తవా మేడం?" అన్నాడు. పక్కనున్నవాడు నవ్వలేదు. నా ముఖం చూడలేదు.

4. ములాఖత్ అడిగితే ఒంట్లో బాగాలేదంటున్నారు. చూసిన డాక్టరు పేరు చెప్పరు. ఇంతకుముందు ఇద్దరి గురించి ఇదే మాట చెప్పి, విచారణ కాకుండానే సరిహద్దు దాటించారు.

5. ఖాళీ డబ్బా సాక్ష్యం కాదని తమరు అనవచ్చు. కోర్టులో నేనూ ఒప్పుకుంటాను. కాని అయ్యా, ఆమెకు తెలుగు, ఉర్దూ తప్ప మరో మాట రాదు. సరిహద్దు అవతల వదిలేస్తే ఎవరిని పిలుస్తుంది?

కావున ఆమెను ఒక్కసారి నా కంటికి చూపాలని, పంపి ఉంటే ఆ బండిని దారిలోనే ఆపించాలని వేడుకుంటున్నాను. జవాబు వచ్చేదాకా తమ గేటు వదలనని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మహెక్, న్యాయవాది

తా.క. తమ గేటు దగ్గరే కూర్చుని ఇది రాస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. ఇంటికి ఇద్దరు వచ్చారట. అమ్మ ఎక్కడ పుట్టిందో, మంత్రసాని ఎవరో అడుగుతున్నారట. "మంచోళ్ల లెక్కనే ఉన్నరు బిడ్డా, కూసోపెట్టి చాయ్ పోసిన. నిన్ను ఆ గేటు కాడికెల్లి జెర జల్ది రమ్మంటున్నరు" అన్నది.

అయ్యా, రొట్టె ఇచ్చేసి కోర్టుకు పోతాననే నేను అమ్మతో చెప్పి వచ్చాను. ఇంకా ఈ గేటు దగ్గరే ఉన్నానని ఆమెకు తెలియదు.