గొంతుకి సెలవు

ఆగస్టు 4, సోమవారం, మధ్యాహ్నం 3

గొంతు డాక్టరుగారు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి నా స్వర తంత్రుల్ని నాకే టీవీలో చూపించారు. రెండు తెల్లటి తీగల్లా ఉన్నాయి. ఎడమదాని మీద ఎర్రగా కమ్ముకుని ఉంది. గట్టిగా అరిచినప్పుడు లోపల చిన్న రక్తనాళం చిట్లిందట. ఏం పని చేస్తారని అడిగారు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తానని బొంగురు గొంతుతో చెప్పాను. పిల్లలెంతమంది అన్నారు. ఇద్దరాడపిల్లలు. ఇంట్లో ఇంకా ఎవరుంటారు అన్నారు. ఎవరూ ఉండరన్నాను. ఆయన రాయడం ఆపి ఒకసారి నా మొహం చూసి, మళ్ళీ రాసుకున్నారు.

పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు, అవి ఇంకా చేటట. గొంతు సవరించుకోకూడదు. మాట వినకపోతే మచ్చ పడిపోయి ఆపరేషన్ దాకా వెళ్తుందట, అయినా పాత గొంతు వస్తుందని చెప్పలేమట.

"పది రోజులు ఎలా కుదురుతుందండీ?" అన్నాను.

"అదే మీ ఆఖరి మాట అనుకోండి," అన్నారు ఆయన. నవ్వలేదు.

మెడికల్ షాపు పక్క కొట్లో ఈ నోట్‌బుక్ కొన్నాను. ఎక్కడో ఒకచోట మాట్లాడకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

సాయంత్రం 7

పిల్లలకి కాగితం మీద రాసి చూపించాను. పెద్దది పైకి చదివింది. పన్నెండేళ్ళది, ఏం చదివినా నోటీసు చదివినట్టే చదువుతుంది. ఆరేళ్ళ చిన్నది అంతా విని, అయితే పది రోజులు తిట్టవా అని అడిగింది. తిట్టనని తల ఊపాను. నమ్మలేదు. చెప్పులతో సోఫా ఎక్కి నా వైపే చూస్తూ నాలుగు గెంతులు గెంతింది. నేను చెయ్యి చూపించాను. ఇంకో రెండు గెంతి దిగింది.

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున్నే తెలిసింది, నా మాటలన్నీ ఆర్డర్లేనని. లే. బ్రష్ చెయ్యి. సాక్సులేవి. పాలు తాగు. బస్సొస్తోంది. ఇవాళ అవేవీ లేవు. లైటు స్విచ్చి నాలుగుసార్లు వేసి ఆర్పాను. చిన్నది టక్కున లేచి కూర్చుంది, ఇది ఏదో ఆట అనుకుని. ఒక కాలికి తెల్ల సాక్సు, ఇంకో కాలికి నీలం సాక్సు వేసుకుని బస్సెక్కింది. ఎక్కింది కదా, చాలు.

డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి ఓనర్‌కి చీటీ ఇచ్చాను. చదివి, నాకు చెవుడొచ్చినట్టు పెద్దగా, ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడాడు. పది రోజులు కారు ఖాళీగా పెట్టలేడట. నా స్టూడెంట్లందరినీ రెండో మాస్టారికి ఇస్తాడట. ఒకసారి అటు వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోతే తనని అడగొద్దట. పొద్దున తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా నా బ్యాచులు. నాలుగు నెలల కిందట సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర బ్యాచ్ కూడా నెత్తికెత్తుకున్నాను. గొంతు పోయింది అక్కడే అనుకుంటాను. ఆ టైములో రోడ్డంతా హారన్లే. వాటి పైనుంచి క్లచ్, క్లచ్ అని అరవాలి.

బెంగ ఒక్కటే, నా దగ్గర నేర్చుకుంటున్న పోస్టాఫీసు మేడం లైసెన్సు టెస్టు పదమూడున. ఆవిడకి ఇంకా రివర్స్ రాదు.

ఆగస్టు 6, బుధవారం

మెట్ల మీద చెత్త పడేసిన పై ఇంటి ఆయన్ని ఏమీ అనలేకపోయాను. నిలబడి చూస్తూ ఉంటే ఆయనే వంగి ఏరుకున్నాడు.

ఆగస్టు 7, గురువారం, సాయంత్రం 6

వంటింట్లో పెద్దది ఉడికిన గుడ్లు వలుస్తోంది. నేను బ్రెడ్ కాలుస్తున్నాను. చిన్నది పక్క గదిలో బొమ్మలకి డ్రైవింగ్ నేర్పుతోంది.

"అమ్మా, నువ్వేమీ అనలేవు కదా. అందుకే ఇప్పుడు చెప్తున్నా," అంది, గుడ్డు మీంచి కళ్ళెత్తకుండా.

నేను స్టవ్ ఆపాను.

"హ్యాండ్‌బాల్ నాకేం బోర్ కొట్టలేదు. ప్రాక్టీసు నాలుగింటికి. చెల్లి బస్సు నాలుగుంబావుకి వస్తుంది. నీకేమో నాలుగింటి బ్యాచ్ వచ్చింది. మరి దానికి తలుపెవరు తీస్తారు?"

ఏప్రిల్‌లో ఇది బోర్ కొట్టి హ్యాండ్‌బాల్ మానేశానని చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. అరగంట క్లాసు పీకాను. ఏదీ నిలకడగా చెయ్యవు, అచ్చం మీ నాన్నలాగే అన్నాను. చిన్నది కడుపులో ఉండగా మమ్మల్ని వదిలి వెళ్ళిపోయిన మనిషితో పోల్చాను దీన్ని.

పెన్సిల్ కోసం చెయ్యి చాపాను.

"రాయకు," అంది. "రాస్తే మళ్ళీ నువ్వే మాట్లాడినట్టు అవుతుంది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కోచ్ మేడం కంట పడకుండా వెనక మెట్ల మీదుగా వెళ్తోందట రోజూ. నోటీసు బోర్డులో టీం ఫోటో పెట్టారట, అటువైపు చూడదట. నాన్నలాగే అన్నప్పుడు చెప్పేద్దామని నోటి దాకా వచ్చిందట.

"చెప్తే నువ్వు బ్యాచ్ మానేస్తావ్. మానేస్తే మళ్ళీ ఆ వాషింగ్ మెషిన్ రిపేరు, దాని స్కూలు బూట్లు... ఊరుకున్నా."

గొంతు ఉండి ఉంటే మొదటి ముక్కకే అడ్డుపడేదాన్ని. ముందే ఎందుకు చెప్పలేదు, నేను చచ్చానా, పెద్దదానివైపోయావా అని దులిపేసేదాన్ని. అది అక్కడితో ఆపేసేది, నేనే గెలిచేదాన్ని. ఇవాళ అడ్డుపడటానికి ఏమీ లేదు. చివరిదాకా వినాల్సి వచ్చింది. దాని చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను.

"అమ్మా, గుడ్డు నలిగిపోతోంది," అంది.

ఆగస్టు 8, శుక్రవారం

ఓనర్‌కి రెండో చీటీ. ఇక నాలుగింటి బ్యాచ్ చెయ్యను, దాని బదులు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా చేస్తాను. ఆయన ఈసారి చిన్నగానే మాట్లాడాడు. పొద్దున ఆరింటికి ఎవరొస్తారని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మాట్లాడకూడదు కాబట్టి అది బయటపడలేదు. ముగ్గురు మనుషులు దొరికితే చూద్దాం, లేకపోతే సగం జీతం అన్నాడు.

తలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది, ఆరింటికి నేను కార్లో ఉంటే పిల్లల్ని ఎవరు తయారు చేస్తారు?

కింది వాటాలో పిన్నిగారున్నారు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నాలుగున్నరకే రేడియో పెడతారు. ఆరేళ్ళుగా ఆవిడ నెత్తి మీదే కాపురం ఉంటున్నాం గానీ, ఆవిడని ఏనాడూ ఏదీ అడగలేదు. ఒకరిని అడగడమంటే నాకు నామోషీ. ఒంటరిగా పిల్లల్ని పెంచుతోంది పాపం అనిపించుకోవడం ఇంకా నామోషీ. నాలుగు లైన్లు రాయడానికి మూడు కాగితాలు చింపి, చివరికి వెళ్ళి ఇచ్చాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మడిచారు.

"నోరు పడిపోతే గానీ నోరు తెరవలేదన్న మాట నువ్వు," అన్నారు. "ఆరేళ్ళు పట్టిందా తల్లీ?"

పిల్లల్ని అయిదున్నరకి పంపమన్నారు. పాలు కాస్తారట, జడలేస్తారట, బస్సెక్కిస్తారట. బదులుగా ఒకటి అడిగారు. వారానికోసారి కూరగాయలకి కారులో తీసుకెళ్ళాలట, కబుర్లు చెప్తూ. గొంతొచ్చాకే లెమ్మన్నారు.

ఆగస్టు 10, ఆదివారం, మధ్యాహ్నం

నిద్రపోయాను. పట్టపగలు, రెండు గంటలు. చివరిసారి ఎప్పుడు ఇలా పడుకున్నానో గుర్తు కూడా లేదు. సాయంత్రానికల్లా ఒళ్ళంతా పిప్పి అయిపోవడం నా వయసు వల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ. సగం అలుపు వాగుడు వల్లేననుకుంటాను.

చిన్నది పక్కనే పడుకుని నా చెవిలో ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. వాళ్ళ క్లాసులో ఒకడికి పన్ను ఊడిందట, వాడు దాన్ని జామెట్రీ బాక్సులో దాచాడట. నేను సమాధానం చెప్పకపోవడం దానికి చాలా నచ్చినట్టుంది. అమ్మా నువ్విప్పుడు బాగున్నావు అని సర్టిఫికెట్ ఇచ్చింది.

వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. పెద్దది ఎత్తింది. అమ్మ మాట్లాడదు అంది. కోపమా అని అడిగినట్టున్నాడు. కాదు నాన్నా, డాక్టరు వద్దన్నారు అంది. అవతల నవ్వు నాకు ఇక్కడికి వినపడింది. పెద్దది నవ్వలేదు. స్కూల్ పనుంది, పెట్టేస్తున్నా అని పెట్టేసింది.

ఆగస్టు 11, సోమవారం, మధ్యాహ్నం 2

పోస్టాఫీసు మేడం ఇంటికొచ్చేశారు. అరవై ఒకటో ఏట కారు నేర్చుకుంటున్నారు. ముప్పై అయిదేళ్ళు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నారు, ఇప్పుడు కదిలే కిటికీ పక్కన కూర్చోవాలట. రెండో మాస్టారు గేరు మార్చినప్పుడల్లా నిట్టూరుస్తాడట. ఆ నిట్టూర్పుకి ఆవిడ కాళ్ళు బిగుసుకుపోతున్నాయట. మీరేమీ మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చోండి చాలు అని బతిమాలారు.

కూర్చున్నాను. స్కూలు కారులో, నేర్పేవాళ్ళ కోసం నా వైపు ఉన్న రెండో బ్రేకు మీద పాదం పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

వంతెన ఎక్కుతుంటే బండి ఆగిపోయింది. వెనక లారీ హారన్. నోరు తెరవబోయి పళ్ళు కరుచుకున్నాను. ఆవిడ నా వైపు చూశారు. నేను ముందుకి చూశాను. మూడు క్షణాలు. హ్యాండ్‌బ్రేకు లాగారు, మళ్ళీ స్టార్ట్ చేశారు, క్లచ్ మెల్లగా వదిలారు. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా పైకి వెళ్ళింది. తర్వాత రెండు కర్రల మధ్య రివర్స్ పెట్టారు. ఇప్పటికి ఇరవైసార్లు ఆ కర్రల్ని పడగొట్టిన మనిషి.

"ఇన్నాళ్ళూ మీరేమంటారా అని చూసి, అప్పుడు తొక్కేదాన్నండీ," అన్నారు. "ఇవాళ రోడ్డు చూశాను."

నవ్వొచ్చింది. నవ్వకూడదు కూడా. ముక్కు మూసుకున్నాను.

ఆరింటి బ్యాచ్ సంగతి రాసి చూపించాను. పొద్దున తనతో వాకింగ్‌కి వచ్చేవాళ్ళలో ఇద్దరికి నేర్చుకోవాలని ఉందట. సాయంత్రం రోడ్లంటే భయమట. ఆరింటికైతే ఎగిరి గంతేస్తారన్నారు. మూడో మనిషి మా వియ్యపురాలు ఉంది, ఆవిడని నేను ఒప్పిస్తా అన్నారు.

ఆగస్టు 13, బుధవారం

పాసయ్యారు. ఫోన్‌లో ఏడ్చారు. నేను ఫోన్ దగ్గర చప్పట్లు కొట్టాను.

ఆగస్టు 14, గురువారం

మళ్ళీ ముక్కులో గొట్టం. ఎర్రదనం పోయింది. డాక్టరుగారు ఆ అనమన్నారు. ఆ అన్నాను. ఎవరో పదేళ్ళ పిల్ల అన్నట్టుంది. రెండు వారాల పాటు గంటకి అయిదు నిమిషాలే మాటలు. అరుపులు ఇంకో నెల దాకా లేవు.

ఇంటికొచ్చేదాకా దాచుకున్నాను. పెద్దదాన్ని పిలిచి కూర్చోబెట్టాను.

"సోమవారం నుంచి నువ్వు ప్రాక్టీసుకి వెళ్తున్నావ్," అన్నాను.

అది కనుబొమ్మలెత్తింది. మొదటి మాటే ఆర్డరు. నాకూ తెలిసింది.

"మీ నాన్నలాగే అన్నాను," అన్నాను. "అలా అనడం తప్పు. నీకు ఆయన పోలిక ఆ విషయంలో లేదు. ఉంటే తలుపు తీయడానికి నాలుగు నెలలు పరిగెత్తుకొచ్చేదానివి కాదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నీ గొంతు వేరేగా ఉందమ్మా," అంది. "ఇంకొంచెం మాట్లాడు."

పాలు తాగావా అని అడిగాను. చిన్నది గోడ గడియారం కింద నిలబడి, ఇప్పటికి మూడు నిమిషాలైంది, ఇక తిట్లకి రెండే ఉన్నాయి అని ప్రకటించింది.

ఆగస్టు 18, సోమవారం, రాత్రి 8.30

మొదటి ఆరింటి బ్యాచ్. ముగ్గురూ వచ్చారు. మేడం వియ్యపురాలు ఇండికేటర్ వెయ్యబోయి వైపర్ వేశారు. వాన లేదు. అద్దం మీద కరకరమంటూ తిరుగుతుంటే ముగ్గురూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నేను వేలు చూపించి సరిచేశాను. ఒక్క మాట కూడా ఖర్చు కాలేదు.

అన్నీ సాఫీగా ఏం లేవు. సాయంత్రం బ్యాచ్‌లో నావాళ్ళిద్దరు రెండో మాస్టారి దగ్గరే ఉండిపోయారు. నన్ను చూసి తల తిప్పుకున్నారు, కొంచెం గుచ్చుకుంది. పెద్దదాన్ని కోచ్ మేడం తీసుకున్నారు గానీ రిజర్వులో కూర్చోబెట్టారు, నాలుగు నెలల్లో వాళ్ళంతా ముందుకెళ్ళిపోయారట. ఫర్వాలేదులే అంది. ఫర్వా ఉందని నాకు తెలుసు.

నాలుగుంబావుకి చిన్నదాని బస్సొచ్చే వేళకి నేనే గేటు దగ్గర నిలబడ్డాను. అది దిగి, నన్ను చూసి, అక్కేది అని అడిగింది. గ్రౌండ్‌లో ఉందన్నాను. ఓ అంది, చాలా గొప్ప సంగతి విన్నట్టు.

ఆగస్టు 30, శనివారం

హ్యాండ్‌బాల్ మ్యాచ్‌లో మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. పెద్దదాన్ని చివరి పది నిమిషాలు దింపారు. ఒక గోల్ వేసింది.

చుట్టూ అందరూ అరుస్తున్నారు. నేను పెదవులు బిగించుకుని, చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బయటికొచ్చాక చెమటలు కారుతూ వచ్చి నన్ను అల్లుకుపోయింది. "ఎడమవైపు ఖాళీ ఉందని అరిచావు కదా. విన్నా," అంది.

నేను అరవలేదు.

చిన్నది నా మొహంలోకి చూసింది. అక్క చూడకుండా తన పెదవుల మీద వేలు పెట్టుకుంది.