పశువుల పాక పంపకం

వయసు డెబ్బై రెండు. నలభై ఏళ్ళుగా క్రిస్మస్ పాకలకు ప్లాస్టర్ బొమ్మలు పోస్తున్న నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మోకాళ్ళ స్థిమితం సంగతి అడగవద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత నా కోడలిది.

1. పనిగది, అచ్చులు నా కొడుక్కి చెందుతాయి. గాడిద చెవి ప్రతిసారీ తనే విరిచి, తేమ మీదికి నెట్టడం ఇకనైనా మానాలి.

2. చర్చిలో ఏటా పెట్టే పాక మొత్తం చర్చికే దఖలు. “సువార్తలో ఎద్దూ గాడిదా ఎక్కడున్నాయమ్మా?” అని కొత్త ఫాదరుగారు అడిగారు. లేవు, నాకూ తెలుసు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక సన్యాసి గుహలో గడ్డి పరిచి, నిజం ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి జనానికి ఆ పుట్టుకను చూపించాడట. వాటిని తీసేస్తే ఈ దఖలు రద్దు.

3. నా శాలువా, వాలుకుర్చీ కోడలికి. బంగారంలాంటి పిల్ల. నెత్తికెక్కుతుందని మొహం మీద ఎప్పుడూ అనలేదు.

4. బాలయేసు మాత్రం నా చెల్లెలికి. నేను పోసిన బొమ్మలకు రంగులు వేసింది అదే. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం దాకా తొట్టి ఖాళీగా ఉంచి, బాలుణ్ణి దాచడం మా ఆచారం. పదకొండేళ్ళ కిందట ఆ వేళకు బాలుడు కనబడలేదు. చెల్లెలే తీసిందని చర్చిలో అందరి ముందూ దులిపేశాను. “ఒట్టక్కా, నేను తియ్యలేదు” అని ఏడ్చి వెళ్ళిపోయింది. మళ్ళీ నా గడప తొక్కలేదు. అప్పట్నుంచీ తొట్టిలో బజారు బొమ్మే.

పోయిన వారం ఎద్దు కిందపడి పగిలింది. దాని బోలు కడుపులో, నా పాత తువాలులో, బాలుడు! భద్రంగా ఉంటాడని నేనే పెట్టి, చేతి అలవాటున అడుగు ప్లాస్టరుతో మూసేశాను. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాను. ఎద్దును అతికించాను గానీ, ఆ మాటతో విరిగిన మనసును ఎలా అతికించాలో తెలియడం లేదు.

చెల్లీ, తప్పు నాదే. నువ్వు గీసిన కనురెప్పలు చెక్కుచెదరలేదు. వీలునామా నా తదనంతరమే చెల్లుతుందని లాయరుగారు అంటారు. ఈ ఒక్క అంశం అందాకా ఆగదు. కోడలు బాలుణ్ణి ఇవాళే నీకు తెచ్చిస్తుంది. రేపు సాయంత్రం వచ్చి నీ చేత్తో తొట్టిలో పెట్టు. బజారు బొమ్మను తీయించేశాను. నువ్వు రాకపోతే తొట్టి ఖాళీగానే ఉంటుంది. ఎందుకని ఎవరైనా అడిగితే జరిగింది చెప్తాను. నువ్వు వచ్చినా చెప్తాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి.

తేదీ: డిసెంబరు ఇరవై మూడు.

సంతకం: బొమ్మలమ్మ

సాక్షులు:
మా వీధి దర్జీ
చర్చి గంట కొట్టే పెద్దాయన (కళ్ళజోడు మరిచి వచ్చారు, చదివి వినిపించాం)