రంగుటద్దంలో నాయన పాదాలు

జర్మనీ,
1959 జనవరి

ప్రియమైన నాయనకు,

ఇక్కడ ఒకటే మంచు. రంగుటద్దాల పని నేర్చుకోమని మిషను వాళ్లు నన్ను పంపిన ఈ ఊళ్లో, యుద్ధంలో కూలిన గుడిని మళ్లీ కట్టారు. దాని తూర్పు కిటికీ నాకే అప్పగించారు. ఇన్నేళ్లలో నాదంటూ ఇదే మొదటి పని.

ప్రభువు తన శిష్యుడు పేతురు కాళ్లు కడిగే బొమ్మ వేశాను. కాళ్లు మాత్రం ఎంత గీసినా కుదరలేదు. ఇక్కడివాళ్లవి బూట్లలో మెత్తబడ్డ కాళ్లు. చివరికి కళ్లు మూసుకుని నీ కాళ్లు గుర్తు తెచ్చుకుని గీశాను. మడమల పగుళ్లు, వాటిలో నల్లరేగడి, అన్నీ. పొద్దుటెండ పడితే ఆ పగుళ్ల అంచులు కూడా వెలుగుతున్నాయి నాయనా! ఫోటో పంపుతున్నాను. ఈస్టరుకి గుడి తెరుస్తారు. అమ్మను అడిగానని చెప్పు.

నీ కూతురు,
సంతోషకుమారి


అద్దంకి దగ్గర పల్లె,
ఫిబ్రవరి

ప్రభువునందు మా ప్రియమైన అమ్మాయికి, నాయన ఇమ్మానియేలు రాసేది.

కల్లంలో మిరపకాయలు ఆరబోస్తుంటే ఫోటో అందింది. అమ్మా, ఆ కాళ్లు తీసెయ్యి. ప్రభువు నా కాళ్లు ముట్టుకోవడమేంటి? అంతమంది తలెత్తి చూడడమేంటి? నాకు భయంగా ఉంది.

మనసులో గిలి ఉన్నవాళ్లు గుడిలో ప్రభు భోజనం రొట్టె తీసుకోవడానికి లేవకుండా చాప మీదే ఉండిపోవాలని మన పల్లె పద్ధతి కదా. మొన్న ఆదివారం నేను లేవలేదు. పాస్టరు జయరావుగారు "ఏం పెద్దయ్యా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. తల ఊపి ఇంటికొచ్చేశాను.

ఇంక రాయలేను.
నాయన


జర్మనీ,
మార్చి

ప్రియమైన నాయనా,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. పెద్దమేస్త్రీకి చెప్పాను. కాళ్లు మార్చాలంటే ఈస్టరుకి కిటికీ అందదు. పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇస్తే ఇవ్వనీ. నిన్ను ప్రభు భోజనానికి దూరం చేసిన బొమ్మ ఎదుట నేనెలా మోకరించను? తియ్యమంటే తీసేస్తాను. నీ మాట కోసం ఆగి ఉన్నాను.

సంతోషం


పల్లె నుంచి,
మార్చి

బిడ్డా,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. అప్పటిదాకా సిగ్గుపడి ఫోటో ఆమెకు చూపించలేదు. మీ అమ్మ దాన్ని ఎండలోకి పట్టుకెళ్లి చూసి, "ఏందయ్యో, నీ కాళ్లే చూసుకుంటున్నావే? ఆ కింద కూర్చున్నాయన్ని చూడవా?" అంది. "ఏమంత అందంగా లేవులే నీ కాళ్లు! ఆయనకు లేని పట్టింపు నీకెందుకు?" అని నవ్వింది.

అప్పుడు చూశానమ్మా. నడుముకి తువ్వాలు. ముందు నీళ్ల పళ్లెం. ఆయన తల నా మోకాళ్ల కన్నా కిందికి ఉంది. పుట్టినప్పటి నుంచి దేవుణ్ణి తలెత్తి చూడడమే నాకు తెలుసు. తల వంచి చూడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మీ అమ్మ నవ్వు ఆపేసింది.

నిన్న గుడిలో లేచి వెళ్లి రొట్టె తీసుకున్నాను.

పేతురు కూడా మొదట తన కాళ్లు కడగొద్దనే అన్నాడు కదా. నేను కాళ్లు వెనక్కి లాక్కుంటే, పాపం, ఆయన అట్లా వంగి ఎంతసేపు ఉండాలి?

ఉండనియ్యి తల్లీ.

నాయన